నెల్లూరు–ఒంగోలు మధ్య 12 నోడ్లు: ఫీజు మారిన కబురు ఏడున్నర నిమిషాలు ఎక్కడ ఆగింది

ఇది లైట్నింగ్ సంగతి. బిట్‌కాయిన్ మీద కట్టిన చెల్లింపుల వల అది; నోడు అంటే దాన్ని నడిపే కంప్యూటరు, ఛానెల్ అంటే రెండు నోడ్ల మధ్య డబ్బు పోయే దారి, దారిలోని నోడు తన ఛానెల్ గుండా పోయే డబ్బుకు ఫీజు తీసుకుంటుంది. ఫిర్యాదు ఇది. నెల్లూరు ప్రధాన నోడు తన ఛానెల్ ఫీజు పెంచింది. ఆ తర్వాత ఐదారు నిమిషాలకు ఒంగోలు చివరి నోడు పాత ఫీజు లెక్కతోనే డబ్బు పంపింది. నెల్లూరు దాన్ని ‘ఫీజు చాలదు’ అని తిప్పికొట్టింది. మరో చోట సిమ్ రూటరులో రోజువారీ నెట్ ప్యాక్ మధ్యాహ్నానికే ఖాళీ. రెండింటికీ మూలం ఒకటేనని అందరూ అనుకున్నారు: ‘నెట్ స్లో, లైట్నింగ్ డేటా తినేస్తోంది.’ చూస్తే రెండూ వేర్వేరు జబ్బులు. ఒకదానికి వేసిన మందు రెండోదాన్ని ముదరబెడుతుంది.

ముందు ఏర్పాటు సంగతి. లైట్నింగ్ నేర్పడానికి కట్టిన సొంత సిగ్నెట్ (బిట్‌కాయిన్ పరీక్షా వల) అది, పరీక్ష నాణేలే తప్ప అసలు డబ్బు లేదు. 2022 ఏప్రిల్ 1 నుంచి వర్చువల్ డిజిటల్ ఆస్తుల లాభం మీద 30 శాతం పన్ను, అదే ఏడాది జూలై 1 నుంచి 1 శాతం టీడీఎస్ ఉన్న దేశంలో అభ్యాసానికి అసలు నాణేలు వాడటం తెలివైన పని కాదు. మొత్తం 12 నోడ్లు: నెల్లూరులో 4, కోవూరులో 1, కావలిలో 3, సింగరాయకొండలో 1, ఒంగోలులో 3. అన్నింటిలోనూ ఎల్‌ఎన్‌డి అనే లైట్నింగ్ సాఫ్ట్‌వేరు, దాని కింద బిట్‌కాయిన్ నోడును నడిపే బిట్‌కాయిన్ కోర్. వీటిలో 4 నోడ్లు సిమ్ రూటరు మీద నడుస్తాయి: కోవూరు, సింగరాయకొండ, నెల్లూరులో ఒకటి, ఒంగోలులో ఒకటి. మిగతా 8 ఫైబరు మీద.

యూపీఐ అలవాటున్నవాళ్లకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. యూపీఐలో ప్రతి లావాదేవీ ఎన్‌పీసీఐ స్విచ్ గుండా వెళ్తుంది కాబట్టి ఎవరి కబురూ ఎవరూ మోయక్కర్లేదు. లైట్నింగ్‌లో నడిమధ్య కూర్చున్నవాడు లేడు. ఏ ఛానెల్ ఎక్కడుంది, ఎంత ఫీజు, మూసి ఉందా తెరిచి ఉందా అన్నది నోళ్లు మారుతూ ఊరంతా పాకాలి. దీన్నే గాసిప్ అంటారు. పేరు సరిగ్గానే పెట్టారు.

జాతీయ రహదారి ఆకారంలో వల

మొదట కట్టినవాళ్లు వలను 16వ నంబరు జాతీయ రహదారిలాగే పరిచారు. నెల్లూరు ప్రధాన నోడు పెన్న దాటి కోవూరుకు, కోవూరు కావలికి, కావలి సింగరాయకొండకు, సింగరాయకొండ ఒంగోలుకు. ప్రతి ఊళ్లో మిగిలిన నోడ్లు, అంటే చివరి నోడ్లు, ఆ ఊరి ప్రధాన నోడుకు. మొత్తం 11 లింకులు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది, పటం గీస్తే ఊళ్ల వరసే కనిపిస్తుంది.

లైట్నింగ్ నోడు తన చేతికొచ్చిన కబురును వెంటనే పక్కవాడికి చెప్పదు. కొంతసేపు పోగుచేసి ఒక్కసారిగా వదులుతుంది. ప్రోటోకాల్ నియమావళి 60 సెకన్లకోసారి వదలమంటుంది. ఎల్‌ఎన్‌డిలో ట్రికిల్‌డిలే అనే సెట్టింగు డిఫాల్ట్‌గా 90,000 మిల్లీసెకన్లు, అంటే 90 సెకన్లు. బస్టాండులో 90 సెకన్లకో బస్సు ఉందనుకోండి. ఇప్పుడే ఒకటి వెళ్లిపోయి ఉంటే 90 సెకన్లు నిలబడాలి, అదృష్టం ఉంటే ఎక్కగానే కదులుతుంది. సగటున 45 సెకన్లు. నెల్లూరు ప్రధాన నోడు నుంచి ఒంగోలు చివరి నోడుకు ఐదు బస్సులు మారాలి: నెల్లూరు, కోవూరు, కావలి, సింగరాయకొండ, ఒంగోలు ప్రధానం. సగటు 5 × 45 = 225 సెకన్లు. గరిష్ఠం 5 × 90 = 450 సెకన్లు, ఏడున్నర నిమిషాలు. నెల్లూరు చివరి నోడు నుంచి మొదలైతే ఇంకో మజిలీ, తొమ్మిది నిమిషాల దాకా.

నెట్ వేగానికి దీంతో సంబంధమే లేదు. నెల్లూరు–ఒంగోలు దాదాపు 120 కిలోమీటర్లు. ఫైబరులో కాంతికి ఆ దూరం మిల్లీసెకను లోపే. ప్యాకెట్టు చెన్నై మీదుగానో హైదరాబాదు మీదుగానో చుట్టి వచ్చినా పదుల మిల్లీసెకన్లే. బస్సు ఎంత జోరుగా పోయినా ప్రయాణికుడి కాలమంతా బస్టాండులోనే కరిగిపోతోంది. ‘వంద ఎంబీపీఎస్ ప్లాను తీసుకుందాం’ అన్న సలహా అందుకే పనికిరాలేదు.

దీనికి తోడు ఫీజులను పది నిమిషాలకోసారి మార్చే స్క్రిప్టు ఒకటి పెట్టారు. 11 ఛానెళ్లు, ఒక్కోదానికి రెండు దిక్కులు, అంటే 22 ఫీజులు. కబురు చేరడానికే ఏడెనిమిది నిమిషాలు పట్టే చోట పది నిమిషాలకోసారి ఫీజు మారితే, పంపేవాడి దగ్గరున్న పటం ఎప్పుడూ నిన్నటి పేపరే. పాత ఫీజుతో వచ్చిన డబ్బును తిప్పికొట్టే నోడు, ఆ ఎర్రర్‌తో పాటే తన కొత్త ఛానెల్ అప్‌డేట్‌ను (ఫీజు మారిందన్న కబురును) జతచేసి పంపుతుంది. కాబట్టి రెండో ప్రయత్నం నెగ్గాలి. కానీ ఆ ఎర్రర్ ఒక్క నోడు గురించే చెబుతుంది. ఒంగోలు చివరి నోడు నుంచి నెల్లూరు చివరి నోడుకు పోయే దారిలో ఫీజు తీసుకునే నోడ్లు ఐదు. ఐదూ మార్చి ఉంటే ఐదు ఎదురుదెబ్బలు, ఆరోసారి గానీ డబ్బు చేరదు. వాడేవాడికి మాత్రం ‘యాప్ తిరుగుతూనే ఉంది’.

ఫీజు మార్చాక పాత ఫీజునూ 10 నిమిషాల పాటు అంగీకరించమని నియమావళి చెబుతుంది. కోర్ లైట్నింగ్ అనే ఇంకో సాఫ్ట్‌వేరులో ఛానెల్ సెట్ చేసే కమాండుకు ఈ గడువు డిఫాల్ట్‌గా 600 సెకన్లు ఉంటుంది. ఎల్‌ఎన్‌డి కొత్త ఫీజును తక్షణం అమలు చేస్తుంది. తొమ్మిది నిమిషాల వలలో ఆ 10 నిమిషాల ఓర్పు ఉండి ఉంటే ఫిర్యాదు బహుశా వచ్చేదే కాదు, జబ్బు మాత్రం లోపల అలాగే ఉండేది.

అందరికీ అందరూ

మొదటి దిద్దుబాటు ఊహించగలిగేదే: అందరినీ అందరితో కలిపేశారు. 12 నోడ్లకు జతలు 66. సిమ్ రూటర్ల వెనకున్న 4 నోడ్లకు బయటి నుంచి పిలుపు అందే సొంత ఐపీ అడ్రసు లేదు. టెలికాం కంపెనీ ఒక్క అడ్రసు వెనక ఎందరినో కూర్చోబెడుతుంది కాబట్టి అవి బయటికి డయల్ చేయగలవే గానీ వాటికి ఎవరూ డయల్ చేయలేరు. రెండు సిమ్ నోడ్లు ఒకదానినొకటి ఎప్పటికీ పట్టుకోలేవు. అలాంటి జతలు 6 తీసేస్తే 60 లింకులు నిలిచాయి.

ఇక్కడ లెక్క వేసి చూడాలి. ఒక ఛానెల్ అప్‌డేట్ 136 బైట్లు, ముందు రకం నంబరుకు 2 బైట్లు, మొత్తం 138. లైట్నింగ్ గుప్త రవాణా దానికి నిడివి 2 బైట్లు, కబురు మారలేదని తేల్చే రెండు ముద్రలు 16 చొప్పున కలుపుతుంది. మొత్తం 172. కబురు అందుకున్న ప్రతి నోడూ, తనకు చెప్పినవాడిని వదిలి మిగతా పీర్లందరికీ (తనతో నేరుగా కలిసిన నోడ్లకు) చెబితే, ఒక కబురుకు గరిష్ఠంగా లింకులకు రెట్టింపు, అందులోంచి నోడ్ల సంఖ్యకు ఒకటి తక్కువ తీసేసినన్ని పంపకాలు. 60 లింకులకు 120 − 11 = 109. నిజంగా కావలసినవి 11. మిగతా 98 తెలిసినవాడికే మళ్ళీ చెప్పడం. పెళ్లి శుభలేఖ ఒకే ఇంటికి మేనమామ తరఫున ఒకటి, పెదనాన్న తరఫున ఒకటి, ఇరుగువాళ్ల ద్వారా ఇంకొకటి అందినట్టు.

రోజుకు 22 ఫీజులు × 144 మార్పులు = 3,168 కబుర్లు. ఒక్కోటి 109 × 172 = 18,748 బైట్లు. మొత్తం వల మీద రోజుకు దాదాపు 59.4 ఎంబీ. మొదటి రహదారి వల కొమ్మలున్న చెట్టు ఆకారం; అందులో ఇదే లెక్క 6 ఎంబీ. పది రెట్లు పెరిగింది. ఇంతా చేసి కొన్నది ఏమిటంటే, సిమ్ నోడు నుంచి ఇంకో సిమ్ నోడుకు ఇప్పటికీ రెండు మజిలీలు.

చెట్టు ఆకారానికి ఉన్న ఒక్క సుగుణం ఈ పొదుపే: డూప్లికేటు ఒక్కటీ ఉండదు. దాని పాపం వేరు. సింగరాయకొండలో కరెంటు పోతే ఒంగోలు మూడు నోడ్లూ చెవిటివైపోతాయి. కబురు వ్యాప్తిలో డూప్లికేట్లు పూర్తిగా వృథా కావు, ఒకటి రెండు బీమా కిందికి వస్తాయి. ఎన్ని అన్నదే ప్రశ్న.

ఒక్కోదానికి నాలుగు

నిలిచిన పరిష్కారం ఇది. గాసిప్ పీరు వేరు, ఛానెల్ వేరు. ఛానెల్ లేకపోయినా కబుర్ల కోసం ఎవరితోనైనా కనెక్టు కావచ్చు, నాణెం కట్టక్కర్లేదు. ఛానెళ్లను రహదారి వెంట అలాగే ఉంచి, గాసిప్ లింకులను విడిగా గీశారు. నోడ్లకు గడియారం ముఖంలా 1 నుంచి 12 దాకా నంబర్లు ఇచ్చి, ప్రతి నోడును తనకు అటూ ఇటూ రెండు స్థానాల దూరంలో ఉన్నవాటికి, మూడు స్థానాల దూరంలో ఉన్నవాటికి కలిపారు. అంటే ఒక్కోదానికి నాలుగు పీర్లు, మొత్తం 24 లింకులు.

ఎందుకు రెండూ మూడూ? కాగితం మీద చేసి చూడండి. రెండు అడుగుల్లో 2+2=4, 2+3=5, 3+3=6, 3−2=1. ఒక అడుగులో 2, 3 ఎలాగూ ఉన్నాయి. గడియారంలో ఏ రెండు అంకెల మధ్యా దూరం 6 దాటదు కాబట్టి, ఎక్కడి నుంచి ఎక్కడికైనా రెండే మజిలీలు. ‘పక్కవాడు, వాడి పక్కవాడు’ అని 1, 2 తీసుకుంటే ఎదురుగా ఉన్న నోడుకు మూడు మజిలీలు పడతాయి.

సిమ్ నోడ్లకు 1, 2, 6, 7 నంబర్లు ఇచ్చారు: కోవూరు 1, నెల్లూరు సిమ్ నోడు 2, సింగరాయకొండ 6, ఒంగోలు సిమ్ నోడు 7. వీటిలో ఏ జత మధ్యా దూరం 2 గానీ 3 గానీ కాదు కాబట్టి సిమ్‌కు సిమ్ కలవాల్సిన అవసరమే రాదు. సింగరాయకొండ 3, 4, 8, 9లకు తనే డయల్ చేస్తుంది. నంబర్లు పంచే ముందు ఇది చూసుకోకపోతే కొన్ని లింకులు కాగితం మీద ఉంటాయి, వైరు మీద ఉండవు; ఎందుకు కలవడం లేదో వెతుక్కుంటూ ఒక సాయంత్రం పోతుంది.

కబురుకు గరిష్ఠ పంపకాలు 48 − 11 = 37. గరిష్ఠ ఆలస్యం రెండు బస్సులు, 180 సెకన్లు. సగటు 90 లోపే, ఎందుకంటే రెండో మజిలీకి చాలాచోట్ల ఒకటికి మించి దారులున్నాయి, ముందొచ్చినదే లెక్క. 60 లింకులతో గరిష్ఠ ఆలస్యం కూడా ఇదే. అదనపు 36 లింకులు గరిష్ఠ ఆలస్యం లెక్కలో ఏమీ తేలేదు.

ఇది ఎల్‌ఎన్‌డిలో పెట్టేటప్పుడు రెండు చోట్ల జారుతుంది. మొదటిది, నమ్‌గ్రాఫ్‌సింక్‌పీర్స్ అనే సెట్టింగు డిఫాల్ట్ 3. నాలుగు పీర్లున్నా నోడు ముగ్గురి నుంచే కొత్త కబుర్లు వింటుంది, ఆ ముగ్గురిలోనూ ఒకరిని కొంతసేపటికోసారి మారుస్తుంది. మన రెండు మజిలీల లెక్క నలుగురినీ వినాలన్న షరతు మీద నిలబడింది. కాబట్టి దాన్ని కనీసం 4 చేయాలి. డేటా మిగులుతుందని 1కి తగ్గించేవాళ్లుంటారు. ఆ ఒక్క పీరూ బతికే ఉండి మూగదైతే మీ పటం పాతబడిపోతుంది, ఎర్రర్ ఒక్కటీ రాదు. రెండోది, ఎల్‌ఎన్‌డి రీస్టార్ట్ అయినప్పుడు ఛానెల్ ఉన్న పీర్లను తనంతట తాను పిలుచుకుంటుంది. గాసిప్ కోసం మాత్రమే కలిపినవాటిని కాదు. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ వల మళ్ళీ రహదారి ఆకారానికి జారిపోతుంది. కనెక్ట్ కమాండులను నోడు లేచాక నడిచే స్క్రిప్టులో రాసి, ఐదు నిమిషాలకోసారి పీర్ల జాబితా చూసి లేనిదాన్ని మళ్ళీ కలిపేలా క్రాన్‌లో (వేళకు పనులు నడిపేదానిలో) పెట్టాలి.

ట్రికిల్‌డిలేను తగ్గిస్తే సరిపోదా అన్న ప్రశ్న ప్రతిసారీ వస్తుంది. సొంత వలలో తగ్గించవచ్చు. కానీ ఆ పోగుచేసే సమయంలోనే ఒకే ఛానెల్ మీద వచ్చిన రెండు మూడు అప్‌డేట్లలో పాతవి రాలిపోయి చివరిదే బయటికి పోతుంది. విరామం తగ్గిస్తే ఆ జల్లెడ పోతుంది. పైగా పబ్లిక్ వలలో మీరు తగ్గించేది మీ బస్టాండులో ఆలస్యాన్నే, దారిలో మిగతావాళ్లది కాదు. మజిలీలు తగ్గించడం మీ చేతిలో ఉన్న పని. అందుకే 90ని ముట్టుకోలేదు.

ఫీజుల స్క్రిప్టును రోజుకు రెండుసార్లకు కుదించారు. 44 కబుర్లు × 37 × 172 = దాదాపు 280 కేబీ, మొత్తం వలకు, రోజంతటికీ. 59 ఎంబీ నుంచి ఇక్కడికి రావడంలో లింకుల పాత్ర మూడు రెట్లయితే స్క్రిప్టు పాత్ర 72 రెట్లు. కబురును చవగ్గా పంపడం కన్నా అక్కర్లేని కబురు పుట్టించకపోవడం ఎప్పుడూ చౌక.

అక్కర్లేని కబుర్లకు ఇంకో పుట్టిల్లు ఉంది. పీరు కనిపించకపోతే ఎల్‌ఎన్‌డి 20 నిమిషాలు చూసి ఆ ఛానెల్‌ను ‘మూసి ఉంది’ అని చాటుతుంది, తిరిగొచ్చాక 19 నిమిషాలు నిలబడితే ‘తెరిచి ఉంది’ అంటుంది. చురుగ్గా ఉంటుందని ఎవరో 20ని 2, 19ని 1 చేశారు. సిమ్ సిగ్నల్ ఊగిన ప్రతిసారీ ఊరంతా దండోరా. డిఫాల్ట్‌కు తిప్పితే చాలు. తెరిచే గడువు, పీరు స్థితి చూసుకునే నిమిషం విరామం కలిపి మూసే గడువును మించకూడదు, మించితే ఎల్‌ఎన్‌డి లేవనే లేవదు; 19 + 1 = 20 అన్న వింత అంకెల వెనక సంగతి ఇదే. రూటరుకు, నోడుకు చిన్న యూపీఎస్ పెట్టాక అరగంట కోతలు కబుర్లుగా మారడం ఆగింది.

మరి నెట్ ప్యాక్ ఎవరు తిన్నారు

60 లింకుల రోజుల్లో కూడా ఒక్కో నోడు వాటా, రాకపోకలు కలిపి, సగటున రోజుకు 10 ఎంబీ. ఒకటిన్నర జీబీ ప్యాకును అది ఖాళీ చేయలేదు. తిన్నది కింది అంతస్తు. పరిశీలన కోసం, వాలెట్ లేకుండా, ఆ యంత్రాల మీదే అసలు బిట్‌కాయిన్ నోడు కూడా నడుస్తోంది. సిమ్ మీద అది మొదటి నుంచి చైను (లావాదేవీల మొత్తం చరిత్ర) దించుకుంటోంది. చైను 600 జీబీ దాటింది. ప్రూన్ (పాత బ్లాకులు చెరిపే సెట్టింగు) పెట్టినా దించుకోవడం తప్పదు, దాచుకోవడమే తప్పుతుంది. నెల్లూరులో ఫైబరు మీద పూర్తిచేసి, ప్రూన్ చేసిన డేటాను ఎస్‌ఎస్‌డిలో ఎక్కించి ఆర్టీసీ బస్సులో పంపడమే దీనికి మందు. కాపీ చేసే ముందు నోడును మర్యాదగా ఆపాలి. నడుస్తుండగా కాపీ చేస్తే చైన్‌స్టేట్ డేటాబేసు చెడి మళ్ళీ మొదటికొస్తుంది.

నెల్లూరు ఫైబరు నోడుది వేరే గోల. దానికి బయటి నుంచి వచ్చిన పీర్లతో కలిపి 60 లింకులున్నాయనుకోండి. బిట్‌కాయిన్‌లో లావాదేవీని నేరుగా పంపరు. ‘ఇది నా దగ్గర ఉంది, కావాలా’ అని దాని గుర్తు ముందు పంపుతారు. ఒక్కో గుర్తు 36 బైట్లు: రకానికి 4, హ్యాష్‌కు (లావాదేవీ వేలిముద్రకు) 32. లింకుకు ఒక్కసారే అనుకున్నా 60 × 36 = 2,160 బైట్లు. లావాదేవీ తానే 250 బైట్లుంటే, కబురు కన్నా కబురు ఉందన్న కబురే ఎనిమిది రెట్లు. రోజుకు 4 లక్షల లావాదేవీలు పెట్టుకుంటే 864 ఎంబీ, నెలకు దాదాపు 26 జీబీ. గెట్‌పీర్‌ఇన్ఫో కమాండు ఇచ్చి పీరువారీగా సందేశరకం బైట్లు చూస్తే ఇన్వ్ (ఈ గుర్తుల సందేశం) వరస ఎంత లావుగా ఉందో కనిపిస్తుంది.

దీనికి మాక్స్‌అప్‌లోడ్‌టార్గెట్ (పంపే డేటాకు హద్దు) పెట్టి ఊరుకునేవాళ్లు ఎక్కువ. అది వారం దాటిన పాత బ్లాకులు పంచడాన్నే ఆపుతుంది, ఈ గుర్తుల పంపకాన్ని కాదు. బ్లాక్స్‌ఓన్లీ (విడి లావాదేవీలు వద్దు, బ్లాకులే చాలనే సెట్టింగు) పెడితే గుర్తులు నిజంగానే ఆగుతాయి, కానీ మెంపూల్ (ఇంకా బ్లాకులోకి ఎక్కని లావాదేవీల నిల్వ) ఖాళీ అయి ఫీజు అంచనా పోతుంది. ఛానెల్‌ను బలవంతంగా మూయాల్సిన రోజున ఎంత ఫీజు పెట్టాలో తెలియని లైట్నింగ్ నోడు ప్రమాదం. కాంపాక్ట్ బ్లాకుల లాభం కూడా పోతుంది: 2,500 లావాదేవీల బ్లాకును ఒక్కోదానికి 6 బైట్ల పొట్టి గుర్తులతో 15,000 బైట్లలో చెప్పగలగడం, అవతలివాడి మెంపూల్‌లో అవన్నీ ముందే ఉన్నప్పుడే కుదురుతుంది. కాబట్టి లైట్నింగ్ కింద నిలబడ్డ నోడుకు బ్లాక్స్‌ఓన్లీ వద్దు. మాక్స్‌కనెక్షన్స్‌ను (పీర్ల గరిష్ఠ సంఖ్యను) 20కి దించడం మొరటు పద్ధతే, కానీ లెక్క మూడో వంతుకు పడుతుంది.

నాజూకు పద్ధతి ఎర్లే. బిట్‌కాయిన్‌కు మార్పులు సూచించే పత్రాల్లో 2019 నాటి ప్రతిపాదన, బిప్ 330. ప్రతి లింకు మీదా ప్రతి గుర్తూ చెప్పకుండా, ఇద్దరి జాబితాల మధ్య తేడా ఎంతో అంతే పంపడం. దీని కిటుకు చిన్న అంకెలతో చూడొచ్చు. నా దగ్గర 17, 42, 88, 5 ఉన్నాయి. మీ దగ్గర 17, 42, 88. నేను నా నాలుగింటినీ ఎక్సార్ (బిట్లు పోల్చి తేడా ఉన్నచోట 1, లేనిచోట 0 రాయడం) చేస్తే 102. మీవి మూడూ చేస్తే 99. నేను ఆ ఒక్క 102నే పంపితే మీరు 102ను 99తో ఎక్సార్ చేస్తారు: 5. మీ దగ్గర లేనిది అదే. జాబితా నాలుగైనా నాలుగు వందలైనా పంపింది ఒక్క అంకె.

తేడా రెండైతే ఎక్సార్ రెండింటినీ కలిపేసి ముద్ద చేస్తుంది, విడదీయలేం. అందుకే మినీస్కెచ్ అనే లైబ్రరీ పరిమిత క్షేత్రంలో (అంకెలు ఒక హద్దు లోపలే తిరిగే గణితంలో) ఆ గుర్తుల బేసి ఘాతాల మొత్తాలు కూడా కలిపి పంపుతుంది. తేడా ఎన్ని ఉండొచ్చనుకుంటే అన్ని మొత్తాలు. 32 బిట్ల గుర్తుకు ఒక్కో తేడాకు 4 బైట్లు. వంద గుర్తుల్లో ఐదు తేడా ఉంటాయనుకుని ఎనిమిదికి స్కెచ్ కడితే 32 బైట్లు. పాత పద్ధతిలో వందకు 3,600. తేడా ఎనిమిది దాటితే స్కెచ్ విప్పుకోదు, అప్పుడు పొడిగింపు అడగాలి, అదీ చాలకపోతే పాత పద్ధతికే దిగాలి. కాబట్టి ఎన్నికి కట్టాలన్న అంచనాలోనే దీని పనితనమంతా. ఎర్లే పత్రం లెక్కలో బ్యాండ్‌విడ్త్ 40 శాతం దాకా మిగులుతుంది. పీర్లను 8 నుంచి 32కు పెంచినా ఖర్చు పెద్దగా పెరగదు. మన 12 నోడ్ల వలలో దీని అవసరం లేదు. లైట్నింగ్ గాసిప్‌కూ ఇదే స్కెచ్ వాడాలన్న ప్రతిపాదన ఉంది. వేల ఛానెళ్ల పబ్లిక్ వలలో దానికి అర్థముంది.

చివరగా సింగరాయకొండ నోడు గడియారం. అది రాస్‌బెర్రీ పై 4, లోపల బ్యాటరీతో నడిచే గడియారం లేదు. ఛానెల్ అప్‌డేట్‌లో టైంస్టాంపు ఉంటుంది, ఇంతకు ముందు దానికన్నా పెద్దదైతేనే మిగతావాళ్లు తీసుకుంటారు. గడియారం ముందుకు దూకిన సమయంలో ఒక్క అప్‌డేట్ బయటికి వెళ్లిందా, భవిష్యత్తు తారీఖుతో వచ్చిందని కొందరు పారేస్తారు, కొందరు ఉంచుకుంటారు; వలలో సగం ఒక మాట, సగం ఇంకో మాట. రెండు వారాలు దాటి ముందుకు దూకితే ఆ నోడే మిగతా ఛానెళ్లన్నీ పాతబడ్డాయనుకుని తన పటంలోంచి తుడిచేసుకుంటుంది. ఆర్‌టీసీ మాడ్యూలు, అంటే బ్యాటరీ గడియారం, తగిలించడం, టైం సింక్ అయ్యేదాకా ఎల్‌ఎన్‌డిని లేవనివ్వకుండా సిస్టమ్‌డీలో (లినక్స్‌లో ప్రోగ్రాములను లేపేదానిలో) వరస కట్టడం: ఈ రెండూ చేశాకే ఆ నోడును 6వ నంబరులో నిలబెట్టారు.